ఇంజన్‌కు ఒక్కపొద్దు

బండలగూడెం,
మహబూబాబాద్ తాలూకా.
1979 జనవరి, మొదటి ఆదివారం.

పారింది బిడ్డా, మన చెల్క పారింది!

సంతోషం పట్టలేక నీ పేరు రాయకముందే మాట రాసేశాను. ఇప్పుడు వరుసగా రాస్తాను. నా బిడ్డ కరుణకూ, అల్లుడు అబ్రహాంకూ నాయిన పౌలు, అవ్వ సారమ్మ దీవెనలు. ప్రార్థన నుంచి వచ్చి, అన్నం కూడా ముట్టకుండా గడపలో కూర్చుని రాస్తున్నాను. "ముందు ఇంత తిని రాయరాదు?" అని మీ అవ్వ అంటూనే ఉంది. ఏం తింటాను? కడుపు నీళ్ళ చప్పుడుతోనే నిండిపోయింది.

అల్లుడు మాట్లాడిపెట్టిన పాత ఇంజన్ శుక్రవారం మానుకోట నుంచి బండి మీద దిగింది. ఎంత ఉంటుందనుకున్నావు? రెండు మేకపిల్లల్ని ఒకచోట కట్టేసినంత. మీ అవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, "గింతదా? గింతదానికా జత ఎడ్లను ఇడిచినవ్?" అంది. కానీ తెచ్చిన మనిషి దాన్ని బావి ఒడ్డున బిగించి, పెట్రోలు పోసి, చక్రానికి తాడు చుట్టి ఒక్క గుంజు గుంజాడు. డుబుడుబుమని అందుకుంది. జర వేడెక్కినాక నల్లా తిప్పి గ్యాసునూనె, అదే కిరసనాయిలు, మీదికి మళ్ళించాడు. పైపు ముందు గాలి కక్కింది, తర్వాత బురద కక్కింది, ఆ తర్వాత చూడాలి బిడ్డా, ముంజేతి లావున తెల్లటి నీళ్ళు! మీ అవ్వ దోసిలి పట్టి తాగి, అక్కడే చతికిలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. కంట్లో పొగ పడింది అంతే.

చూడవచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? "పౌలూ, దీనికి మేతేం వేస్తవే? కుడితి పెడ్తవా?" అని ఒకరు. "పేడ వేస్తదా మరి?" అని ఇంకొకరు. "పేడ వెయ్యదు, పొగ వేస్తది, పొయ్యిల పెట్టుకోండ్రి" అన్నాను. అందరితో పాటు నేనూ నవ్వాను. నేను అట్లా నవ్వి ఎన్నేండ్లయిందో.

మన భూమి సంగతి అల్లునికి పూర్తిగా తెలియదు, ఇది చదివి వినిపించు. నలభై ఏండ్లు పరాయి కొట్టంలో జీతమున్న నాకు సర్కారు ఇచ్చిన రెండెకరాల చెల్క ఇది. ఇచ్చిననాడే షరతు పెట్టారు: మూడేండ్లలో సాగులోకి తేవాలి, తేకుంటే వెనక్కి తీసుకుంటారు. ఇది మూడో యేడు. బావిలో నీళ్ళున్నాయి కానీ ఒడ్డంతా బండ. మోట కడదామంటే ఎడ్లు ముందుకూ వెనకకూ నడిచే దారికి చోటు లేదు. నీళ్ళు కంటికి కనబడతాయి, మొక్కకు అందవు. పోయినేడు వాన మీద వేసిన జొన్న ఎండిపోతే, రెవెన్యూ గిర్దావరు వచ్చి చూసి, "ఎండిన చొప్ప చూపిస్తే సాగనరు పౌలూ. వచ్చే మార్చి ఆఖరున వస్త. పచ్చగ కనబడితే సాగు అని రాస్త, లేకుంటే పడావు అని రాస్త" అని చెప్పిపోయాడు. పడావు అని రాస్తే భూమి పోయినట్టే. అందుకే ఎడ్లను అమ్మాను. రేపటి నుంచి పల్లికాయ విత్తనం. మార్చికి చెల్క చిలుక రెక్కలా ఉంటుంది చూడు!

మనవాళ్ళందరికీ చెప్పు. మా అన్న సాంబయ్యకు మాత్రం చెప్పే పని లేదు. ఎడ్లను అంగడికి తోలుకుపోతుంటే అడ్డం వచ్చి, "కసాయి కోతకు పోనిస్తనా?" అని తానే కొనుక్కున్నాడు. కొని, "ఎద్దును అమ్మినోడు రేపు అన్ననూ అమ్ముతడు. ఇగ నా గడప తొక్కకు" అన్నాడు. నేనూ తొక్కలేదు. నేను బజారున పోతుంటే మన బొల్లెద్దు మాత్రం వాళ్ళ కొట్టంలో నుంచి అరుస్తుంది. ఆ సంగతి వదిలెయ్.

ఇంజన్‌ను ఎట్లా చూసుకోవాలో, క్యాంపులో ఇంజన్లు తిప్పే అల్లుణ్ణి అడిగి రాయి. నాలుగో తరగతి చదివినవాణ్ణి, నాకు తలకెక్కేట్టు రాయి.

నీ నాయిన
పౌలు


భూపాలపల్లి,
బొగ్గు బోర్ల క్యాంపు.
జనవరి, రెండో వారం.

నీళ్ళు చూసి ఏడ్చిన అవ్వకూ, పొగ మీదికి నెట్టిన నాయినకూ,

నీ ఉత్తరం ఈయనకు రెండుసార్లు చదివి వినిపించాను. మేకపిల్లల దగ్గర నవ్వాడు. భూమి సంగతి విని, "కాగితం తీయ్, చెప్త రాయి" అన్నాడు. అరవైతొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బళ్ళు మూసెయ్యకుంటే పది పాసై ఎక్కడో పంతులమ్మనయ్యేదాన్ని. ఇప్పుడు నాకున్నది ఒక్కడే విద్యార్థి, వాడు మా నాయిన. శ్రద్ధగా చదువు.

ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను: "ఇంజన్‌కు జబ్బు గుండెల రాదు, గొంతుల వస్తది. ట్యాంకు కింద ముంతంత గిన్నె ఉన్నది సూడు, గదే కార్బేటరు. నూనె, గాలి గాడనే కలుస్తయి. దాని లోపల ఇత్తడిది చిన్న బొడిపె ఉంటది, జెట్టు అంటరు. దాని బొక్కల నువ్వుగింజ గూడ పట్టది. గా బొక్క మూసుకపోతే ఏనుగసొంటి ఇంజనైనా కూలవడ్తది. మామకు చెప్పు, గొంతు మంచిగుంటే మనిషి పాడతడు."

రేషను గ్యాసునూనెలో నీళ్ళుంటాయి, మన్ను ఉంటుంది. డబ్బాలో ఒక రాత్రి కదలకుండా ఉంచి, పైది పైనే వంచి, బట్టలో వడగట్టి పోయాలి. అడుగుది పొయ్యికి వాడుకోవాలి. ఇది ఒకటి.

రెండోది అన్నిటికంటే ముఖ్యమట. నీళ్ళు పారించడం అయినాక ఇంజన్‌ను చేత్తో ఆపకూడదు. నూనె నల్లా కట్టేసి ఊరుకోవాలి. గిన్నెలో ఉన్నదంతా తాగేసి దానంతట అదే ఆగాలి. గిన్నెలో నూనె నిలవ ఉంటే ఎండి బంకవుతుంది, మడ్డి దిగుతుంది, జెట్టు పూడుతుంది. మా క్యాంపులో దీన్ని 'పస్తు పండబెట్టుడు' అంటారు. "మామను రోజు పస్తు పండబెట్టమను, మరువద్దని రాయి" అని మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు.

అవ్వ మోకాళ్ళు ఎట్లున్నాయి? ఇక్కడ చలి బాగా ఉంది. ఈయనకు కొంచెం నలతగా ఉంది, అన్నం సయించడం లేదు. చలికే అయివుంటుంది.

నీ పంతులమ్మ
కరుణ


బండలగూడెం.
ఫిబ్రవరి, మొదటి వారం.

చదువుల బిడ్డకు,

మొలిచింది! నువ్వొచ్చి చూడాలి. మన్నును నెత్తిన ఎత్తుకుని లేచినట్టు లేచింది ఒక్కో మొక్క. నీళ్ళు రెండు పారకాలు అయినాయి. పొద్దున్నే పోయి వంగి చూస్తుంటే మీ అవ్వ, "గట్ల సూసి సూసి దిష్టి పెట్టకు" అంటుంది.

నువ్వు రాసిన పాఠం గోడకు అంటించాను. గ్యాసునూనె రాత్రంతా తేరనిస్తున్నాను. మీ అవ్వ తెల్లచీర చింపి రెండు మడతలేసి వడగడుతున్నాను. ట్యాంకు మూతికి గుడ్డ కడుతున్నాను, దుమ్ము పోకుండా. పొద్దూకినాక గోనెసంచి కప్పుతున్నాను. మిగతావి కూడా చూసుకుంటున్నాను. రాత్రిపూట దానికి ఏ లోటూ చేయడం లేదు, ఆ బెంగ వద్దని అల్లునికి చెప్పు.

అయినా కొంచెం దగ్గుతున్నది. మొదట ఒక్క గుంజుకు లేచేది, ఇప్పుడు చెయ్యి నొప్పి పుట్టేదాకా గుంజితే లేస్తుంది. లేచినా నడుమ నడుమ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఎక్కిళ్ళు. నేను పక్కన కూర్చుని, "పా, పా, జరంత ఓపిక పట్టు" అంటుంటాను. చిన్న విషయమే అయివుంటుంది. అల్లుడు ఒక్కరోజు వచ్చి చెయ్యి పెట్టిపోతే చాలు. శనివారం పొద్దున బస్సెక్కితే ఆదివారం మళ్ళీ పోవచ్చు. మీ అవ్వ కోడిని ఆపిపెట్టింది.

నీ నాయిన


భూపాలపల్లి.
ఫిబ్రవరి.

నాయినకు,

ఉత్తరం అందింది. ఆయన ఇప్పుడు రాలేడు. పని ఎక్కువగా ఉంది, సెలవు దొరకదు. కోడిని మీరే తినండి.

ఎక్కిళ్ళంటే జెట్టులో మడ్డి దిగినట్టట. గిన్నె కింద ఒకటే మర ఉంటుంది, విప్పి గిన్నెను పెట్రోలుతో కడుగు. జెట్టును తీసి పెట్రోలులో నానేసి, నోటితో గట్టిగా ఊదు. సూది, తీగ మాత్రం పెట్టవద్దు. బొక్క పెద్దదైతే మళ్ళీ చిన్నది కాదు.

ఒకటి అడుగుతాను, తిన్నగా చెప్పు. నీ ఉత్తరంలో అన్నీ రాశావు, పస్తు సంగతి రాయలేదు. పెడుతున్నావా లేదా?

రాయడానికి తీరిక లేదు.

కరుణ


బండలగూడెం.
ఫిబ్రవరి ఆఖరు.

కరుణా,

పడిపోయింది బిడ్డా. ఇంజన్ పడిపోయింది, లేవడం లేదు.

గుంజి గుంజి తాడు తెగింది. దూలానికి కట్టే తాడు తెచ్చి గుంజాను, అరచేతుల తోలు ఊడింది. గిన్నె విప్పితే లోపల తేనెతుట్టెలో మిగిలినట్టు జిగట, పసుపు బంక. కడిగాను. జెట్టును ఊదాను. బుగ్గలు పగిలేట్టు ఊదినా గాలి అవతలికి పోలేదు. మానుకోట నుంచి ఒక మేస్త్రీని బతిమాలి తెచ్చాను. అతను చూసి, "దీని గొంతు పూడింది తాతా, కొత్తది మద్రాసు నుంచి రావాలె. వచ్చేదాక మీ పల్లికాయ ఆగుతదా?" అని నవ్వి పోయాడు.

ఆగదు బిడ్డా. పూత వచ్చింది, పచ్చని పూత, చూస్తే కడుపు నిండేట్టు. పల్లికాయ పూత పైన పూసి, ఊడ నేలలోకి దిగితేనే కాయ. నేల మెత్తగా ఉంటేనే ఊడ దిగుతుంది. ఇప్పుడు నేల బండైంది. ఊడలు సగం దాకా వచ్చి, మన్నును తాకి, లోపలికి పోలేక నల్లబడి ముడుచుకుంటున్నాయి. వాటిని చూడలేక ముఖం తిప్పుకుంటున్నాను. నేనూ మీ అవ్వా కుండలతో తోడిపోస్తున్నాం. రెండెకరాలకు కుండలు ఏం చాలుతాయి? నిన్న మీ అవ్వ బావి మెట్ల మీద జారింది. దెబ్బ పెద్దది కాదు. లేచి, కుండ పగిలిందని ఏడ్చింది. పై ఎకరం తలవాల్చింది. కింది ఎకరం ఇంకా కొట్టుకుంటున్నది.

గిర్దావరు కబురు చేశాడు, అనుకున్నట్టే మార్చి ఆఖరున వస్తాడట. ఈ భూమి పోతే నేను మళ్ళీ ఎవరి కొట్టంలో చేరాలి? ఈ వయసులో నన్ను జీతానికి కూడా ఎవరూ పెట్టుకోరు.

అల్లుణ్ణి ఎందుకు పంపవు? కాళ్ళు పట్టుకుని అడగాలా? నీ ఉత్తరంలో పైన భూపాలపల్లి అని ఉంది. కానీ కవరు మీద ముద్ర జనగామది. టపా మనిషి చూపించాడు. జనగామలో నీకేం పని? నా దగ్గర ఏం దాస్తున్నావు?

నువ్వు దాచినా నేను దాచను. నువ్వు తిన్నగా అడిగావు కనుక చెబుతున్నాను. నేను దానికి పస్తు పెట్టలేదు కరుణా. ఒక్కనాడు కూడా పెట్టలేదు. నల్లా కట్టేస్తే అది తాగుతూ తాగుతూ, నూనె అందక ఎగపీల్చి, వణికి ఆగుతుంది చూడు, మొదటినాడు ఒక్కసారి చూశాను. ఆ చప్పుడు నాకు తెలుసు. చిన్నప్పుడు దొర కొట్టంలో ఎడ్లకు మేత వేసి, కుడితి పెట్టి, అవి నెమరువేస్తుంటే వాటి పక్కనే ఉత్త కడుపుతో పండేవాణ్ణి. కొన్నాళ్ళు జొన్న గటక దొరికేది, కొన్నాళ్ళు దొరికేది కాదు. నా కడుపు చేసిన చప్పుడే అది. నా చేతికింద ఉన్న ఏ జీవాన్నీ పస్తు పండబెట్టనని ఎప్పుడో అనుకున్నాను. అన్నట్టే ఉన్నాను. మన ఎడ్లు ఒక్క రాత్రి ఖాళీ కడుపుతో పండలేదు. పగలంతా నా చెల్కకు నీళ్ళు తాపిన దాన్ని రాత్రి ఎండగడితే నేనేం మనిషిని? అందుకే రోజూ పొద్దూకినాక చేత్తో ఆపి, ట్యాంకు మూతి దాకా నూనె నింపి, నల్లా తెరిచే ఉంచి, వీపు నిమిరి, "తాగు, తాగి పండు" అని వచ్చేవాణ్ణి.

నవ్వితే నవ్వు. తిడితే తిట్టు. కానీ ఏదో ఒకటి రాయి. త్వరగా రాయి.

పౌలు


జనగామ,
మీ అల్లుని మేనత్త ఇంటి నుంచి.
మార్చి మొదటి వారం.

నవ్వలేదు నాయినా.

క్యాంపువాళ్ళు ఇక్కడికి పంపిన నీ ఉత్తరం దవాఖాన వరండాలో చదివాను. పక్క మంచం ఆమె నీళ్ళు తెచ్చిచ్చి, "ఎవలన్న సచ్చిపోయిండ్రా బిడ్డా?" అని అడిగింది. లేదని తలూపాను.

మీ అల్లునికి కామెర్లు. నలత అని రాశాను చూడు, అప్పటికే మొదలైంది. క్యాంపు దగ్గర ఎవరో పసరు పోశారు, ముదిరింది. జనగామలో మేనత్త ఉంది, మంచి డాక్టరున్నాడంటే ఇక్కడికి తెచ్చాను. కండ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. గుక్కెడు నీళ్ళు పోసినా బయటికి వస్తున్నాయి. డాక్టరు పొద్దున వస్తాడు, రెప్ప ఎత్తి చూస్తాడు, తగ్గుతుందని మాత్రం అనడు. ఆయన అనకపోవడానికే నేను భయపడుతున్నాను. నీకు చెబితే అన్నీ వదిలేసి ఉరికివస్తావు. నువ్వు వస్తే చెల్క ఎండిపోతుంది. భూమి పోతే నువ్వు ఉండవు. ఈయన కూడా లేకపోతే నాకు ఎవరున్నారు? అందుకని భూపాలపల్లి అని రాశాను. ముద్ర సంగతి నాకు తోచలేదు.

నీ ఉత్తరం ఈయనకు చదవొద్దనుకున్నాను. నా ముఖం చూసి పట్టుకున్నాడు. చదివించుకుని, "తప్పు మామది గాదు, మాటది. పస్తు అని నేనెందుకు చెప్పిన?" అన్నాడు.

నాయినా, ఇప్పుడు క్రీస్తు శ్రమ దినాలు మొదలయ్యాయి కదా. శుక్రవారం శుక్రవారం నువ్వేం చేస్తావు? పొద్దంతా ఏమీ ముట్టవు. ఎవరైనా నిన్ను ఎండగట్టారా? లేదు. నీ అంతట నువ్వే ఉంటావు, సాయంత్రానికి నీ ముఖం కడిగినట్టు ఉంటుంది. సాంబయ్య పెద్దనాయిన ఇంట్లో పెద్దవ్వ సోమవారం సోమవారం ఒక్కపొద్దు ఉంటుంది, అదీ అంతే. పస్తు ఒకరు పెడితే ఉండేది. ఒక్కపొద్దు మనమే ఉండేది. నీ ఇంజన్‌కు పస్తు కాదు నాయినా, ఒక్కపొద్దు. రాత్రి గొంతు ఖాళీగా ఉంచుకుంటేనే తెల్లారి పాడుతుంది. ఆ వణుకు ఆకలి కాదు, మిగిలినది ఊడ్చుకోవడం. ఈయనకు కూడా డాక్టరు అదే చెప్పాడు, కడుపుకు విశ్రాంతి ఇవ్వాలని. నాకూ నీ బుద్ధే కదా, వద్దన్నా గంజి పోయబోయాను. నర్సమ్మ గద్దించింది.

ఇప్పుడు జెట్టు సంగతి. నడుమ నడుమ ఆగుతూ చెప్పాడు, ఆయన మాటలే రాస్తున్నాను: "పెట్రోలుల ఒక పొద్దు, ఒక రాత్రి నానబెట్టాలె, గంట రెండు గంటలు గాదు. బంక మెత్తవడ్డంక ఎద్దు తోక వెంట్రుక ఒక్కటి తీసుకొని బొక్కల నుంచి ఎక్కించి, అటూ ఇటూ గుంజాలె. సూది ఇత్తడిని గీకుతది, వెంట్రుక గీకదు. తర్వాత ఊదాలె. వెలుతురుకు పట్టి చూస్తే అవతల సుక్క లెక్క ఆకాశం కనబడాలె. కనబడితే మామ గెలిచినట్టు."

ఇది చెప్పి అలిసి పడుకున్నాడు. మనింట్లో ఇప్పుడు ఎద్దు లేదు కదా అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ లేపలేదు.

నాయినా, నువ్వు ఇటు రాకు. అక్కడే ఉండి దాన్ని లేపు. నేను ఇక్కడ ఉంటాను.

కరుణ


బండలగూడెం.
మార్చి ఆఖరు, ఆదివారం.

నిలిచింది బిడ్డా, మన భూమి నిలిచింది! సాగు అని రాశాడు!

నీ కార్డు కూడా నిన్ననే అందింది. అల్లుడు తనంతట తానే గంజి అడిగి తాగాడని, కడుపులో నిలిచిందని, కండ్ల పసుపు దిగుతున్నదని ఉంది కదా, ఆ ముక్క ముగ్గురితో చదివించుకున్నాను, నా కండ్లు నన్ను మోసం చేస్తున్నాయేమోనని. ఒకే వారంలో రెండు సంతోషాలు మోయడం ఈ ముసలి గుండెకు అలవాటు లేదు. స్తోత్రం, స్తోత్రం. ఎన్నిసార్లు రాసినా చాలదు.

వరుసగా చెబుతాను. నీ ఉత్తరం వచ్చిననాడే జెట్టును పెట్రోలులో వేశాను. తెల్లారి వెంట్రుక కోసం బయలుదేరాను. వెంట్రుకే కదా అనుకున్నాను. రెండిండ్లకు పోయాను. పశువు వెంట్రుక పరాయి చేతికి పోతే దానికేదో చేతబడి జరుగుతుందని మనవాళ్ళ భయం నీకు తెలుసు కదా. ఒకరు తలుపు వేశారు. ఇంకొకరు, "ఇంజన్ తోకనే గుంజుకోరాదు?" అన్నారు. ఇక మిగిలింది ఒక్కటే కొట్టం. గోడ పక్కన నిలబడ్డాను. కాళ్ళు ముందుకూ పోవు, వెనకకూ రావు. మోట ఎద్దే నయం.

"ఎవరు?" అన్నాడు అన్న.

"నేనే, పౌలును."

"పౌలు అనేటోడు నా గడపకు రాడు."

"గడప తొక్కలేదన్నా. కొట్టం దిక్కు వచ్చిన."

"ఏం గావాలె?"

"బొల్లెద్దు తోక వెంట్రుక. ఒక్కటే."

లోపల మీ పెద్దవ్వ యాకమ్మ కిసుక్కుమంది. అన్న నవ్వలేదు. "ఎడ్లను ఇడిచి ఇంజన్ దెచ్చినవ్. ఇప్పుడు ఇంజన్‌కు ఎద్దు కావాల్సొచ్చిందా?"

"వచ్చిందన్నా."

"వెంట్రుక సాలా, తోక మొత్తం గావాల్నా?"

"వెంట్రుక సాలు."

కాసేపు నా అరచేతుల దిక్కు చూశాడు. వాటికి మీ అవ్వ పసుపు పెట్టి గుడ్డ కట్టింది. "భూమి గుంజుకుంటరంటున్నరు, నిజమేనా తమ్మీ?" అన్నాడు. తమ్మీ అన్నాడు బిడ్డా! తలూపాను.

అమ్మిన ఎద్దు దగ్గరికి పాతమనిషి పోకూడదంటారు, పోతే అది కొత్త చేతి మేత ముట్టదని. అందుకని నేను బయటే నిలబడ్డాను. అన్న లోపలికి పోయి వెంట్రుక తీయబోతే బొల్లెద్దు తన్నబోయింది. నా గొంతు విన్నది కదా, తాడు తెంపుకునేట్టు గుంజుతూ అరుస్తున్నది. అన్నకు విసుగొచ్చి, "రా, నువ్వే రా, నీ ఎద్దు నీ మాటే ఇంటది" అన్నాడు. పోయాను. నా భుజం మీద గదుమ ఆనించి ఊపిరి వదిలింది. వెంట్రుక తీసినా కదలలేదు.

అన్న నా వెంట బావి దాకా వచ్చాడు. జెట్టు నానిన పెట్రోలు టీ రంగుకు మారింది. అరచేతుల గుడ్డలతో వెంట్రుక దూర్చలేకపోయాను. మీ అవ్వే దూర్చింది, సూదిలో దారం ఎక్కించినట్టు, తడి చేసి. గుంజుతుంటే నల్లటి మడ్డి పురుగులా బయటికి వచ్చింది. ఊదాను. అవతల గాలి తగిలింది! పొద్దుకు పట్టి చూశాను. కనబడింది బిడ్డా, అల్లుడు చెప్పినట్టే, ఆవగింజలో సగమంత ఆకాశం. మీ అవ్వకు చూపించాను, అన్నకు చూపించాను. అన్న ఒక కన్ను మూసి చూసి, "గిదేనా నీ పరేషాన్ అంతా?" అన్నాడు.

నా చేతులు పనికిరావని తాడు ఆయనే గుంజాడు. రెండో గుంజుకు దగ్గింది. మూడో గుంజుకు పాడింది!

పై ఎకరం సగం పోయింది, అది దక్కలేదు. దాచకుండా రాస్తున్నాను, ఇక మనిద్దరం ఏదీ దాచుకోవద్దు. కింది ఎకరం లేచింది. నేల మెత్తబడగానే మిగిలిన ఊడలు దిగాయి. గిర్దావరు మొన్న వచ్చి, ఎండిన దిక్కు ముందు చూసి పెదవి విరిచాడు. "కిందికి గూడ రండి సారూ" అని అన్న అడ్డం నిలబడ్డాడు. కింది మడిలో ఒక మొక్క గుంజితే పిందెలు వేలాడుతున్నాయి, తెల్లగా, పసిపిల్లల పాలపండ్లలా. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, "ఏం మందు కొట్టినవ్ పౌలూ?" అని అడిగాడు. "ఎద్దు తోక కొట్టిండు సారూ" అన్నాడు అన్న. అందరూ నవ్వారు. నవ్వుతూనే రాశాడు, సాగు అని.

ఇప్పుడు రోజూ పొద్దూకినాక నల్లా కట్టేస్తున్నాను. అది ఊడ్చుకుని ఊడ్చుకుని వణుకుతుంటే మొదట్లో చెవులు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోవడం లేదు. "ఒక్కపొద్దు, ఒక్కపొద్దు" అంటూ పక్కన నిలబడతాను. ఆగినాక సంచి కప్పుతాను. కానీ చేతులు ఖాళీగా ఇంటికి రావడానికి మనసొప్పేది కాదు. అంతలో మీ పెద్దవ్వ కబురు పంపింది: "నీ ఎద్దు మా చేతి మేత ముడతలేదు. పెద్దలు అన్నట్టే అయింది. వచ్చి నాలుగు పరకలు వేసిపో." అప్పటి నుంచి ఇంజన్‌ను ఆపి తిన్నగా అన్న కొట్టానికే పోతున్నాను. మేత వేస్తాను, కుడితి పెడతాను. అది నెమరువేసేదాకా అన్నా నేనూ గోడకు ఒరిగి కూర్చుంటాం. ఆ తర్వాతే ఇంటికి.

ఇక అందరికీ చెప్పే పని నీది. ముందు అల్లుని చెవిలో చెప్పు, జెట్టులో ఆకాశం కనబడిందని. మిమ్మల్ని ఇంట్లో పెట్టుకున్న ఆయన మేనత్తకు చెప్పు, నా దండాలు కూడా. టేకుమట్లలో మీ చిన్నవ్వకు రాయి, భూమి పోతుందని మొక్కులు మొక్కుకున్నది ఆమెనే. నెల్లికుదురులో మీ మేనమామ దేవదాసుకు రాయి, ఎడ్లను అమ్మిననాడు నన్ను పిచ్చోడన్నాడు, అది కొట్టేసుకొమ్మని రాయి. గార్లలో మీ అవ్వ పిన్ని ఉంది, చెవులు వినబడవు, ఎవరితోనైనా గట్టిగా చదివించమను. పెద్దనాయినకు చెప్పే పని లేదు, ఆయనే ఊరంతా చెబుతున్నాడు, తాడు తాను గుంజిన ముచ్చట ముందు, భూమి ముచ్చట తర్వాత. మనవాళ్ళలో ఇంకెవరినైనా మరిచిపోతే నువ్వే కలుపుకో.

బొల్లెద్దుకు మాత్రం ఎవరూ చెప్పవద్దు. పొద్దూకుతున్నది, పోతున్నాను కదా, నేనే చెప్తా.

నీ నాయిన
పౌలు